మడత కింది పేరు

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఇరవై రెండేళ్ళుగా మూడో కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. పిల్లలకు నా పేరు తెలియదు. మూడో కిటికీ అక్క అంటారు. చేరిన కొత్తలో వాళ్ళకీ నాకూ అయిదారేళ్ళే తేడా కాబట్టి ఆ అక్క సరిపోయింది. ఇప్పుడు నా కూతురి వయసు వాళ్ళు వస్తున్నారు, వాళ్ళూ అక్కే అంటున్నారు. ఒకసారి ఒకడు ఆంటీ అన్నాడు. వాడి ఫారంలో నాలుగు తప్పులు పట్టుకుని మూడుసార్లు తిప్పాను.

కిటికీ అంటే నిజం కిటికీ కాదు. ఒక గాజు పలక, దాని అడుగున అరచెయ్యి పట్టేంత కన్నం, మాట వినపడటానికి మధ్యలో గుండ్రంగా చిల్లులు. ఆ చిల్లులు మనిషి గుండెల ఎత్తులో పెట్టారు. ఏ మహానుభావుడు కొలిచాడో కానీ, మాట్లాడాలంటే అవతలి వాళ్ళు వంగాల్సిందే. సుఖంగా ఉన్నవాడెవడూ పరీక్షల విభాగానికి రాడు కాబట్టి, నా ఉద్యోగమంతా తంటాల్లో ఉన్న పిల్లల వంగిన తలలు చూడటంతోనే గడిచింది. హాజరు చాలనివాళ్ళు, ఒక్క మార్కుతో పోయినవాళ్ళు, హాల్ టికెట్ మీద పక్కవాడి ఫోటో పడ్డవాళ్ళు, నాన్న చేర్పించిన కోర్సులోంచి బయటపడే దారి వెతుక్కునేవాళ్ళు.

కాగితాలు తీసుకోవడం వరకే నా పని. సలహాలు చెప్పమని నన్నెవరూ అడగలేదు. కానీ కన్నంలోంచి కాగితం తోసే వేళ్ళు వణుకుతుంటే ఊరుకునే నోరు కాదు నాది. ఏ కాగితం ఇచ్చినా రెండో ప్రతి మీద ముద్ర వేయించుకో, ముద్ర లేకపోతే ఇవ్వనట్టే లెక్క అని చెప్తాను. పరీక్షకు ముందు రోజే వచ్చి నీ గదీ నీ బల్లా ఎక్కడున్నాయో చూసి వెళ్ళు, సగం భయం అక్కడే పోతుందంటాను. పోయింది ఒక్క సబ్జెక్టే, దాన్ని తలుచుకుని ఏడుస్తూ కూర్చుంటే మిగతా నాలుగూ దాని వెనకే పోతాయంటాను. అన్నీ అయ్యాక ఒకటే ప్రశ్న.

"ఇంట్లో తెలుసా?"

తల అడ్డంగా ఊగుతుంది.

"ముందు మీ అమ్మకి చెప్పు. రేపూ ఎల్లుండీ కాదు, ఇవాళే చెప్పు. ఏ అమ్మా కొరుక్కు తినదు."

ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నానో నాకే తెలియదు. విన్నవాళ్ళు కొందరు తర్వాత వచ్చి, మీరు చెప్పినట్టే చేశానక్కా, అమ్మ ఏడ్చింది కానీ తిట్టలేదు అని చెప్పి వెళ్ళేవాళ్ళు. అలాంటి రోజున నేలకి జానెడు ఎత్తున నడిచేదాన్ని.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆఫీసులో నా నోరు మంచిదే. ఇంటికి రాగానే ఆ నోటికి ఏమయ్యేదో కూడా చెప్పాలి. ఆ సంగతి దాటేసి ముందుకు పోవాలని ఉంది. ఇన్నాళ్ళూ దాటేశాను కాబట్టే ఇప్పుడు దాటకుండా చెప్తున్నాను.

మా ఇంట్లో ముగ్గురం. మా ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తారు. పగలంతా చెవిలో మిషను గీ పెడుతూ ఉంటుంది కాబట్టి, సాయంత్రం కంచం ముందు కూర్చున్నాక మనిషి గొంతు వినాలని ఉంటుంది ఆయనకి. మా అమ్మాయి నోట్లో నాలుక లేని పిల్ల. ఇంట్లో ఇద్దరికి సరిపడా నేనే మాట్లాడతాను. ఏం మాట్లాడతాను? రోజంతా నేను చూసింది గాజు అవతలి పిల్లల్నే కదా. వాళ్ళనే ఇంటికి తెచ్చేదాన్ని.

గొంతు మార్చి, మెడ వంచి, ముక్కు ఎగబీల్చి, వాళ్ళెలా అడిగారో అలాగే చేసి చూపించేదాన్ని. మూడు సెమిస్టర్లలో మూడుసార్లు కాగితం మీద నాయనమ్మని చంపిన కుర్రాడి గురించి, "ఆ ముసలమ్మ చావడానికే పుట్టిందండీ" అంటే మా ఆయనకి పొలమారేది. మార్కుల జాబితా చూసి కిటికీ ముందే కూలబడి, నీళ్ళు చల్లగానే లేచి "రీవాల్యుయేషన్‌కి ఆఖరి తేదీ ఎప్పుడక్కా" అని అడిగిన అమ్మాయి. మేడ మీద పదహారో నంబరు గదిలో పిల్లల బాధలు వినడానికి ఒకావిడ కూర్చుంటుంది, ఆ గదికి నేనే పేరు పెట్టాను, ఏడుపుల గది అని. మా అమ్మాయి చిన్నప్పుడు, "ఇవాళ ఎవరొచ్చారమ్మా?" అని అడిగి మరీ చెప్పించుకునేది. కాలేజీలో చేరాక అడగటం మానేసింది. పెద్దదయింది కదా అనుకున్నాను. అడక్కపోయినా నేను చెప్పడం మానలేదు.

పేర్లు మాత్రం ఏనాడూ చెప్పలేదు. పేరు చెప్పలేదు కాబట్టి ఎవరికీ అన్యాయం చెయ్యలేదని నా లెక్క. అసలు పేర్లు నాకూ తెలియవు. దానికి కారణం మడత.

ఆ మడత నాకు పెద్ద గుమాస్తా గారు నేర్పారు. నేను చేరిన ఏడాదే ఆయన రిటైరయ్యారు. హాజరు తక్కువైన పిల్లలు మినహాయింపు కోసం ఇచ్చే ఫారంలో పై భాగాన నంబరు, కోర్సు, హాజరు శాతం ఉంటాయి. మధ్యలో "కారణం" అని ఒక పెద్ద గడి. దాని కింద పేరు, పిల్లల సంతకం, తల్లో తండ్రో పెట్టే సంతకం. పెద్ద గుమాస్తా గారు కాగితాన్ని నడుముకి మడిచి, గోటితో గీటు పెట్టి, పై సగం మాత్రమే చూసేవారు. "పేరు కనపడితే చెయ్యి వంకర పోతుందమ్మా. తెలిసినవాళ్ళ పిల్లలుంటారు, గొప్పవాళ్ళ పిల్లలుంటారు. నంబరుకి చుట్టాలుండరు" అనేవారు. అప్పటినుంచీ నా బల్ల మీదకి వచ్చిన ప్రతి ఫారం నడుము విరిగే ఉంటుంది. ఆ మడత చూసుకుని ఎంత గర్వపడ్డానో చెప్పలేను. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పాను, ఇంట్లో వందసార్లు చెప్పాను.

ఆ మడత సరిగ్గా కారణం అన్న గడి మధ్యలో పడుతుంది. పైన నాలుగు వరుసలు కనిపిస్తాయి, మిగతాది కిందికి పోతుంది. నాలుగు వరుసలు చాలు. అందులో ఏముంటుందో నాకు ముందే తెలుసు, ఎందుకంటే చెప్పి రాయించేది నేనే. డెబ్బై ఐదు శాతం హాజరుంటే గొడవే లేదు. అరవై ఐదు దాటి ఉంటే, "అనారోగ్యం వల్ల" అని ఒక్క ముక్క రాసి డాక్టరు కాగితం జతచెయ్యి, కథలు రాయకు అంటాను. అలా వచ్చినవాటికి సిఫారసు చేస్తాను. డాక్టరు కాగితం లేకుండా కథలు వస్తే ఎర్ర సిరాతో "సిఫారసు లేదు" అని రాస్తాను. కింద పరీక్షల అధికారి సంతకం పెడితే ఆ పిల్ల ఆ సెమిస్టరు మొత్తం మళ్ళీ చదవాలి.

ఈ సంవత్సరం హాల్ టికెట్లు ఇచ్చే ముందు వారం, ఒక బుధవారం, కాలేజీల నుంచి ఆఖరి కట్టలు వచ్చాయి. ఈ మధ్య ఫారాలన్నీ కంప్యూటరులో నింపి అచ్చుతీసి పంపుతున్నారు, చేతిరాత ఉండదు. మధ్యాహ్నం మూడింటికి సగం కట్ట మడిచాను. ఒక కాగితం దగ్గర ఆగాను. హాజరు అరవై ఎనిమిది. డాక్టరు కాగితం లేదు. కారణం చదివి, ఇంత మంచిది ఒక్కదాన్నే చదవడం అన్యాయమనిపించి, పైకి చదివాను.

"రోజూ ఉదయం ఎనిమిదింటికి తయారై ఇంట్లోంచి బయల్దేరతాను. కాలేజీకి వస్తాను. సైకిల్ స్టాండు దగ్గరికి వచ్చాక నా కాళ్ళు ముందుకు కదలవు. గంట మోగేదాకా అక్కడే నిలబడి..."

అక్కడ మడత వచ్చింది. నాకు మిగతాది అక్కర్లేదు కూడా. కాళ్ళు కదలవు అన్నచోట బల్ల కింద కాళ్ళు బిగదీసి చూపించాను.

నాలుగో కిటికీ అన్నయ్య, నా కంటే నాలుగేళ్ళు పెద్ద, నవ్వుతూ ఇటు తిరిగాడు. "కాళ్ళకి డాక్టరు కాగితం పెట్టిందా?"

"లేదన్నయ్యా. సైకిలుకి పంచరు కాగితమన్నా పెట్టలేదు."

గది గదంతా నవ్వింది. నవ్వుతూనే ఎర్ర కలం తీసుకుని రాశాను. సాయంత్రం అయిదింటికి కట్టకట్టి అధికారి బల్ల మీద పెట్టించి ఇంటికి వచ్చాను.

ఆ రోజు భోజనాల దగ్గర అదే చెప్పాను. దారి పొడవునా సాధన చేసుకుంటూ వచ్చాను, మెరుగులు కూడా దిద్దాను. కుర్చీలోంచి లేచి, వంటింటి గుమ్మం దాకా టకటకా నడిచి, గడప ముందు కాలు గాల్లో ఆపి నిలబడ్డాను.

"గేటు దాకా వస్తుందట మహాతల్లి. గేటు దగ్గరికి రాగానే, ఇదిగో, ఇలా. కాలికి బంధం వేసినట్టు. ఇక కదలదట!"

మా ఆయన నవ్వలేదు. కంచంలోకి చూస్తున్నారు. సరిగా కుదరలేదేమోనని మళ్ళీ చేద్దామనుకుంటున్నాను.

"గేటు కాదు," అంది మా అమ్మాయి.

"ఏంటే?"

"గేటు కాదమ్మా. సైకిల్ స్టాండు."

అంత మెల్లగా అంది కాబట్టి నాకు వెంటనే ఎక్కలేదు. నా కాలు ఇంకా గాల్లోనే ఉంది. పిల్ల లేచి కంచం తీసుకెళ్ళి కడిగింది. గుడ్డతో తుడిచి బోర్లించింది. నా పక్కనుంచి, నన్ను తగలకుండా, తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

"దీనికెలా తెలుసండీ?" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "కూర్చో," అన్నారు.

కూర్చున్నాను. కాలు కింద పెట్టాక అర్థమయింది. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను, నేనే పిల్లినవుతానని ఎన్నడూ అనుకోలేదు. వెళ్ళి తలుపు కొట్టాను. పలకలేదు. ఆ కాగితం నీదేనా అని అడగడానికి నోరు రాలేదు. ఊళ్ళో పిల్లలందరి నోటా కష్టాలు కక్కించే నేను, నా ఇంటి తలుపు ముందు నిలబడి, "తిన్నది సరిపోయిందా?" అని అడిగాను. ఇంతకంటే సిగ్గుమాలిన ప్రశ్న ఇంకోటి ఉండదు.

మర్నాడు ఆఫీసు ఊడ్చే ఆవిడ తాళం తీసేసరికి నేను మెట్ల మీద ఉన్నాను. కట్ట అధికారి బల్ల మీదే ఉంది, ఇంకా విప్పలేదు. నంబరు చూసి తీద్దామనుకుంటే, నా కూతురి నంబరు నాకు తెలియదు. ఎవరెవరి పిల్లల నంబర్లో నిద్రలో అడిగినా చెప్తాను. దానిది ఏ రోజూ అడగలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు. సైకిల్ స్టాండు అన్న మాట కోసం ఒక్కొక్క కాగితమే వెతికి పట్టుకున్నాను. మడత విప్పాను.

"...అక్కడే నిలబడి, తర్వాత లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చుని, సాయంత్రం ఇంటికి వెళ్తాను. మొదట్లో వారానికి ఒకరోజే ఇలా అయ్యేది. సెమినార్ రోజు లేచి నిలబడితే నాకు మాట రాలేదు. మూడో కిటికీ ఆవిడ కూతురివి కదా, మీ ఇంట్లో నోరంతా ఆవిడే వాడేసిందా అని సార్ అన్నారు. అందరూ నవ్వారు. అనారోగ్యం అని రాయమంటారని నాకు తెలుసు. నాకు జ్వరం లేదు. ఇలాంటిదానికి ఏం చెయ్యాలో చదివినవాళ్ళు చెప్తారని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ముందు అమ్మకి చెప్పమని మూడో కిటికీలో అందరికీ చెప్తారు. నాకు ఆ వీలు లేదు."

దాని కింద పేరు. నేను ఏరి కోరి పెట్టిన పేరు, రోజుకి ఇరవైసార్లు నేను పిలిచే పేరు. ఆ పక్కన సంతకం. దాని కింద ఇంకో సంతకం, మా ఆయనది. పైన అడ్డంగా నా ఎర్ర సిరా.

సిగ్గుతో చచ్చిపోయానని మాటవరసకి ఎన్నోసార్లు అన్నాను. సిగ్గుకి మనిషి చావడు. ఒళ్ళంతా మంటెత్తుతుంది, చెవుల దగ్గర మరీ. ఎవరూ లేని గదిలో ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆ తర్వాత చేసిన పని చెప్పడానికి ఇంకా ముఖం చెల్లదు. ఆ కాగితం తీసుకుని నా బల్ల దగ్గరికి వెళ్ళాను. కొత్త ఫారం ఒకటి తీశాను. అదే నంబరు, అదే శాతం వేశాను. కారణం గడిలో "అనారోగ్యం వల్ల" అని టైపు చేశాను. వీధి చివర డాక్టరు మాకు తెలిసినవాడే, అడిగితే కాగితం రాసిస్తాడు. మా ఆయన సంతకం నేను పెట్టగలను. ఎర్ర సిరా కాగితం చింపేస్తే ఎవరికీ తెలియదు. పిల్ల సెమిస్టరు నిలబడుతుంది. అచ్చుతీసి, అలవాటు కొద్దీ నడుముకి మడిచాను. గోటితో గీటు పెట్టాను.

ఆ గీటు పెట్టాక నా చెయ్యి చూసుకున్నాను. పిల్ల అంత కష్టపడి ఉన్నదున్నట్టు రాస్తే, నిన్న చదవకుండా నవ్వాను, ఇవాళ చదివి కూడా చెరిపేస్తున్నాను. కొత్త ఫారం నలిపి సంచిలో పడేశాను.

అధికారి వచ్చేసరికి తొమ్మిదిన్నర. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, పెద్దగా మాట్లాడడు. కాగితం ఆయన ముందు పెట్టాను, విప్పే పెట్టాను.

"ఇది మా అమ్మాయిదండీ. నేనే సిఫారసు లేదని రాశాను."

చదివాడు. చాలాసేపు చదివాడు.

"మీరు చదవకుండానే రాశారా మేడమ్?"

"చదివానండీ. పై సగం."

"కట్టలో ఎర్ర సిరావి ఇంకా ఎన్నున్నాయి?"

"పద్నాలుగు."

"అవి?"

"అవీ పై సగమేనండీ." ఆగితే ఇక చెప్పలేనని తెలుసు కాబట్టి మిగతాది కూడా అనేశాను. "దీన్ని అందరి ముందూ పైకి చదివి నవ్వించాను కూడా."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కాగితం జాగ్రత్తగా నా వైపు తిప్పి పెట్టాడు. తర్వాత, ఆ పదిహేనూ నాలుగో కిటికీకి ఇవ్వమన్నాడు. అక్కడ మొత్తం చదివి సిఫారసు మళ్ళీ రాయాలి. "తల్లి చెయ్యి పడ్డ ఫారం చెల్లదు, మీ అమ్మాయి స్వయంగా వచ్చి ఇంకో ఫారం ఇవ్వాలి. రేపు శుక్రవారం నాలుగింటిలోపు. దాన్ని మీరు ముట్టుకోవద్దు. రాకపోతే నేనేం చెయ్యలేను."

కాగితాలు పట్టుకెళ్ళి నాలుగో కిటికీ అన్నయ్య బల్ల మీద పెట్టాను. పై కాగితం చూసి, "ఇది నిన్న నవ్విన..." అన్నాడు.

"అదే అన్నయ్యా. మా పిల్లది."

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు మా గదిలో ఎవరూ నవ్వలేదు, టీ తాగడానికి కూడా లేవలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే మా ఆయన్ని వంటింట్లో పట్టుకున్నాను. "సంతకం పెట్టారు. నాకొక్క మాట చెప్పలేదు."

"చెప్పొద్దంది," అన్నారు. "నువ్వు పొద్దున్నే వెళ్ళిపోతావు. అది ఆ చెప్పులు వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకోవడం నేను చూస్తున్నా రెండు నెలల నుంచి. ఈ ఇంట్లో ఒక్కడన్నా దాని మాట దాచాలి కదా."

ఆయన గొంతులో కోపం లేదు. కోపమైతే తిరిగి నాలుగు అనేదాన్ని.

దాని గది ముందు నిలబడ్డాను. తలుపుతో మాట్లాడటం చాలా కష్టమని నాకు ఆ రోజు తెలిసింది. గాజు పలకైతే కనీసం అవతలి ముఖం కనిపిస్తుంది. కాగితం మొత్తం చదివానన్నాను. రేపు నాలుగింటిలోపు రావాలి, నేను ముట్టుకోను, నాలుగో కిటికీలో ఇవ్వాలన్నాను. కొత్త ఫారం తలుపు కింద నుంచి తోశాను. తప్పు నాది అన్నాను. ఆ మాట రెండుసార్లు అన్నాను, మొదటిసారి వినపడేట్టు రాలేదు.

లోపల మంచం చప్పుడయింది.

"ఇరవై రెండేళ్ళల్లో ఒక్కసారి కూడా మడత విప్పలేదా అమ్మా?"

లేదన్నాను. పొద్దున నేను వెళ్ళేటప్పటికి తలుపు వేసే ఉంది. తలుపు కింద ఫారం లేదు. తీసుకుందో, చింపేసిందో తెలియదు.

శుక్రవారం పొద్దున ఎవరూ రాకముందే మేడ మీదకి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళల్లో ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. పదహారో గది తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. నిలబడి మొత్తం చదివాను, అడుగున ఉన్న చిన్న అక్షరాలతో సహా. దిగి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

పన్నెండయింది. రెండయింది. వరుసలో ఎవరు వంగినా అదేనేమోనని చూసేదాన్ని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, నేను రచ్చలోనే కూర్చుని ఇంటి కోసం గడియారం చూస్తున్నాను. పిల్ల కాళ్ళు ఎక్కడ ఆగిపోయాయో అనుకున్నాను. ఈ భవనం ముందూ ఒక సైకిల్ స్టాండు ఉంది. అది నాకు అప్పుడే గుర్తొచ్చింది. వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొద్దామా అనుకుని రెండుసార్లు లేచాను. నా చెయ్యి పట్టుకోవాలని దానికెందుకుంటుంది? రెండుసార్లూ కూర్చున్నాను. ఒకమ్మాయి హాల్ టికెట్ గురించి అడిగితే పక్క కోర్సు తేదీ చెప్పి, మళ్ళీ పిలిచి దిద్దాను.

మూడూ నలభైకి, "తర్వాత" అన్నాను, తల ఎత్తకుండానే.

గాజు అవతల ఒక తల వంగింది. ఆ పాపిట నాకు తెలుసు. పదేళ్ళపాటు రోజూ నేనే తీశాను, కొంచెం ఎడమకి వాలుతుంది.

"ఫారం నాలుగో కిటికీలో ఇవ్వాలి," అన్నాను.

"ఇచ్చేశానక్కా." కన్నంలోంచి ఒక కాగితం తోసి చూపించింది. రెండో ప్రతి. దాని మీద ముద్ర, ఇంకా తడిగానే ఉంది. "మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ వరుసలో నిలబడ్డా."

అక్కా అంది. మీరు అంది. వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు, వాళ్ళ ముందు అమ్మా అనలేక కాదని నాకు తెలుసు.

"అడుగమ్మా."

"సైకిల్ స్టాండు దగ్గర కాళ్ళు ఆగిపోతే ఏం చెయ్యాలి?"

నేను ముందుకి వంగాను. ఆ చిల్లుల దగ్గరికి నా తల వంగడం అదే మొదటిసారి.

"నాకు తెలీదు," అన్నాను. "పైన పదహారో గదిలో ఒకావిడ ఉంటారు. ఆవిడకి తెలుసు."

"ఏడుపుల గదా?"

ఎగతాళిగా అనలేదు. నిజంగా ఆ గదికి అదే పేరని అనుకున్నట్టు అంది. చిన్నప్పటినుంచీ అది విన్న పేరు అదొక్కటే కదా. నా కళ్ళు బల్ల మీదకి దిగిపోయాయి. లాగి పైకెత్తాను.

"ఆ పేరు పెట్టినదానికి బుద్ధి లేదు. ఆవిడ రెండు నుంచి ఐదు దాకా ఉంటారు. తలుపు కొట్టక్కర్లేదు, తోస్తే తెరుచుకుంటుంది. లోపల పేరు కూడా అడగరు, నీకు చెప్పాలనిపిస్తేనే. ఎవరన్నా తోడు రావచ్చని కూడా రాసి ఉంది. నీకు కావాలంటేనే."

వెనక ఎవరో దగ్గారు.

"ఇవాళ్టికి ఒక్కదాన్నే వెళ్తాలెండి."

ముద్ర వేసిన కాగితాన్ని వెనక్కి లాక్కుంది. మడవలేదు, అలాగే చాపుగా పుస్తకంలో పెట్టుకుంది. రెండడుగులు వేసి మళ్ళీ వచ్చి వంగింది.

"ఒక్క మాటక్కా. ఇది ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పకండి."

"చెప్పనమ్మా," అన్నాను.

అది మెట్ల వైపు వెళ్ళింది. మొదటి మెట్టు దగ్గర ఆగింది. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. చెప్పుల చప్పుడు మొదలై పైదాకా వెళ్ళింది, తర్వాత తలుపు చప్పుడు వినిపించింది. గాజు అవతల ఆ దగ్గినవాడు అప్పటికే వంగి, కన్నంలో కాగితం పెట్టి ఎదురుచూస్తున్నాడు. ఏం కావాలి బాబూ అని అడగాలి. నాకు మాట రాలేదు.